మంచి కామెడీకి నవ్వక్కర్లేదు

మార్చి 3, శుక్రవారం

నెవిల్ దిగాడు. తుంటి ఎముక మార్చాక కొన్నాళ్లు మెట్లెక్కకూడదన్నారట. వాడి ఫ్లాటేమో మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. "మెట్లెక్కగలిగే దాకా మన దగ్గరే ఉంటాడు" అంది డెనీస్. అడగలేదు, చెప్పింది. ఒక్కగానొక్క అన్నయ్య. కాదంటే నేను రాక్షసుణ్ణవుతాను. సరే అన్నాను.

రెండు చేతికర్రలు, ఒక సంచి, అట్టపెట్టె నిండా డీవీడీలు. మందులు ఆసుపత్రిలో మర్చిపోయాడు గానీ డీవీడీలు మర్చిపోలేదు. రావడం రావడం నా కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లో ఎత్తుగా ఉండే కుర్చీ అదొక్కటేనట, తుంటి వంగకూడదని డాక్టరు చెప్పాడట. డాక్టర్లకేం, ఏదైనా చెబుతారు.

"భలే చోటు చూసుకున్నావు బావా. టీవీకి సరిగ్గా ఎదురు" అన్నాడు. ఉద్యోగమంతా హాలిఫాక్స్‌లో బస్సు నడిపిన మనిషి. ఎదురుగా అద్దం ఉంటే చాలు, ఎక్కడైనా సుఖంగా కూర్చుంటాడు.

టీ తాగడం పూర్తవకుండానే 'వంకర పడవ' పెట్టాడు.

ఆ పేరు ఈ డైరీలో రాయాల్సి వస్తుందనుకోలేదు. కాలవలో ఒక పాత పడవ, అందులో ఒక కుటుంబం కాపురం. తండ్రి పేరు రాన్. ఆయన నటనంతా పొట్టతోనే. ప్రతి భాగం చివరా కాలవలో పడతాడు, పైకి తేలి, నోట్లోంచి నీళ్లు ఊది, "నీళ్లు బాగున్నాయి, దిగండి" అంటాడు. ఏళ్ల తరబడి ఇదే. పడతాడని దేశమంతటికీ తెలుసు. అయినా స్టూడియోలో కూర్చున్న జనం కొళాయి విప్పినట్టు నవ్వుతారు. ఆ నవ్వుల్ని మనకి వినిపిస్తారు, ఎక్కడ నవ్వాలో మనకి తెలీదని.

నెవిల్ రాన్‌తో పాటే ఆ మాట పలికాడు. ప్రార్థనలో 'ఆమెన్' పలికినట్టు.

మంచి కామెడీకి నవ్వక్కర్లేదు. లోపల ఎక్కడో గుచ్చుకుంటే చాలు. ఈ సంగతి డెనీస్‌కి పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. దానికి తెలుసు. అది ఏం చేస్తోందో చూడకుండా కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను.

మార్చి 5, ఆదివారం

మళ్లీ పడవ. మాంసం రోస్ట్ తింటున్నప్పుడు కూడా.

మార్చి 9, గురువారం

నెవిల్‌కి ఒక అవకాశం ఇద్దామనుకున్నాను. బళ్లో ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ మొద్దులనుకున్న పిల్లలు కూడా నా చేతుల్లో ఎంతో కొంత దారికొచ్చారు. 'నాలుగో కౌంటర్' పెట్టాను. మొదటి సీజన్ కాదు, రెండోది, స్టేప్లర్ భాగం.

ఒక కౌన్సిల్ ఆఫీసు, ముగ్గురు గుమస్తాలు, ఎప్పుడూ మూసి ఉండే కౌంటరు. వెనక నవ్వులుండవు, పాట ఉండదు. ఒకడి స్టేప్లర్ ఇంకొకడి బల్ల మీద కనిపిస్తుంది. ఇద్దరూ దాని గురించి మాట్లాడరు. భాగమంతా మాట్లాడరు. ఈ దేశం గురించి ఇంతకన్నా నిజం టీవీలో ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఊరి పత్రికలో నా కాలమ్‌లో రాశాను కూడా.

"బావా, ఇది మొదలైందా?" అన్నాడు నెవిల్.

"మొదలై చాలాసేపైంది."

"అలాగా. నవ్వాల్సిన చోటొస్తే కాస్త ముందు చెప్పు. కుట్లున్నాయి, సర్దుకుని నవ్వాలి."

డెనీస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రిమోట్ నొక్కి ఆపాను. ఆ మౌనంలో ఏముందో, ఆ గుమస్తా కన్ను స్టేప్లర్ మీదికి ఎలా వెళ్లి వెనక్కొస్తుందో, ఓపిగ్గా చెప్పాను. మంచి చోట్ల నేనెప్పుడూ ఆపి చెబుతాను. డెనీస్‌కి అది అలవాటే.

నెవిల్ అంతా విన్నాడు. "అంటే, స్టేప్లర్ ఇవ్వట్లేదు" అన్నాడు.

"అది స్టేప్లర్ గురించి కాదు, నెవిల్."

"మరి స్టేప్లర్‌ని ఎందుకు చూపిస్తున్నారు? మా డిపోలో ఇలాంటి ఇద్దరుండేవాళ్లు బావా. వాళ్లని చూడ్డానికి కంపెనీవాళ్లే మాకు జీతమిచ్చారు. ఊరికే అయితే చూసేవాళ్లం కాదు."

డెనీస్ లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ కొళాయి చాలాసేపు తిప్పే ఉంచింది. గిన్నెలేమీ కడగలేదు.

మార్చి 14, మంగళవారం

పైగదిలోకి మారాను. మంచం, లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు. హాయిగా ఉంది. ఇది ముందే చేసి ఉండాల్సింది.

హెడ్‌ఫోన్లు తీసినప్పుడు కింద నుంచి నవ్వులు వినిపించాయి. టీవీ నవ్వులు సరే, గుంపు నవ్వులు, వాటికో మొహం ఉండదు. నెవిల్ నవ్వు సరే, బస్సు స్టార్టయ్యే చప్పుడు. ఇంకో నవ్వు కూడా ఉంది. మొదట ముక్కులోంచి గుర్రుమని, తర్వాత పైకి పైకి పోయి, ఊపిరందక ఆగిపోయే నవ్వు. మరీ ఇంత మోటుగా నవ్వేవాళ్లని స్టూడియోలోకి ఎలా రానిస్తారో అనుకున్నాను.

టీవీ కట్టేశాక కూడా ఆ నవ్వు ఆగలేదు.

డెనీస్‌కి ఈమధ్య క్లినిక్‌లో పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్ అంటే రోజంతా నొప్పులున్నవాళ్లతో మాట్లాడ్డమే. మనిషి ఎక్కడో అక్కడ బయటపడాలి కదా.

మార్చి 19, ఆదివారం

మదర్స్ డే, ఈ దేశంలో మార్చిలోనే. బ్రిస్టల్ నుంచి బ్రయనీ ఫోన్ చేసింది. వాళ్లమ్మతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత ఫోన్ నా చేతికొచ్చింది.

"ఏంటి నాన్నా, మావయ్యకి పరీక్షలు పెడుతున్నావట?"

"ఎవరు చెప్పారు?"

"మార్కులు కూడా వేస్తావా?"

నా కూతురే, కానీ దాని అభిరుచి ఇంకో విడ్డూరం. 'సారీ, నేనే' అనే దాని ప్రాణం. ఒకమ్మాయి ప్రతి వారం ఎవరి బతుకో పాడుచేస్తుంది, ఆ తర్వాత కెమెరా వైపు తిరిగి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అది కామెడీ అట. వాళ్ల తరం ఏడుస్తూ నవ్వుతుంది, రెండిట్లో ఏదీ పూర్తిగా చెయ్యదు.

అదే చెప్పాను. "నీ కౌంటర్‌లోనూ అంతే కదా నాన్నా, వాళ్లు ఏడవరు గానీ ఏడుపు మొహంతో ఉంటారు" అంది. కాదన్నాను. ఎందుకు కాదో చెప్పాను. మధ్యలో దాని వైపు నుంచి చప్పుడే లేకపోతే లైను తెగిందేమో అనుకున్నాను.

"వింటున్నాను" అంది. "అమ్మ ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఇప్పుడే కదా మాట్లాడావు."

"నిన్ను అడుగుతున్నాను."

బాగానే ఉందని మళ్లీ చెప్పాను. పిల్లలకి ఒక మాట రెండుసార్లు చెప్పాలి.

మార్చి 24, శుక్రవారం

'లోయ కబుర్లు'కి కాలమ్ రాశాను. ఊళ్లో లైబ్రరీలోనూ మంగలి దుకాణాల్లోనూ బల్ల మీద ఉచితంగా పడుండే పత్రికే అయినా, చదివేవాళ్లున్నారు. ఈసారి 'వంకర పడవ' మీద. చాలా రోజుల తర్వాత ఒక్క ఊపులో వచ్చింది. ఈ వాక్యాలు నాకే నచ్చి ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"ఈ పడవ ఎవరి కోసం నడుస్తోంది? నోట్లో బంగాళాదుంప క్రిస్ప్స్ ఉండగానే రాన్ మాట అప్పజెప్పే మనిషి కోసం. ఆయన ఒళ్లో పొట్టులా రాలే ముక్కల కోసం. ఆయన నవ్వితే పక్కన కూర్చుని తానూ నవ్వే మనిషి కోసం. బుర్రని కోటుతో పాటు గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించి లోపలికొచ్చే కుటుంబాల కోసం."

నెవిల్ ఏం చదవడు కాబట్టి ఇబ్బందేం లేదు.

ఏప్రిల్ 4, మంగళవారం

చదివాడు. డెనీస్ క్లినిక్‌లో కూడా ఆ పత్రిక పెడతారన్న సంగతి నాకు తట్టలేదు. బ్యాగులోంచి తీసి అన్నం బల్ల మీద, బఠాణీల గిన్నె పక్కన పెట్టింది. నెవిల్ కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు, గట్టిగా, బస్సులో స్టాపుల పేర్లు పిలిచినట్టు.

"బావా, ఈ క్రిస్ప్స్ ఆయన ఎవరు?"

"ఎవరూ కాదు. ఊహ. అలాంటి మనుషులు."

"భలే రాశావు. నేనైతే ఉప్పు, వెనిగర్ రకం అని కూడా రాసేవాణ్ణి." నిజంగానే నవ్వాడు. ఆ పేజీ చించి ఫ్రిజ్‌కి మాగ్నెట్‌తో అంటించమని డెనీస్‌కి ఇచ్చాడు. "మన ఇంట్లో పత్రికలో పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు.

డెనీస్ అంటించలేదు.

నెవిల్ పడుకోవడానికెళ్లాక అంది, "ఆయన నవ్వితే పక్కన కూర్చుని తానూ నవ్వే మనిషి అని రాశావు."

"అది నిన్ను అనలేదు."

"తెలుసు."

"మరింకేం?"

"ఆ గదిలో నేను కూడా ఉన్నానన్న సంగతే నీకు గుర్తు రాలేదు, గాడ్‌ఫ్రీ. తిట్టినా బాగుండేది."

ఇది తర్కం కాదు. తిట్టలేదని బాధపడే మనిషిని ఇదివరకెప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 5, బుధవారం

డెనీస్ పెద్దగా మాట్లాడ్డం లేదు. అలసట.

ఏప్రిల్ 6, గురువారం

అలసటే.

ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం

గొర్రెమాంసం బాగా కుదిరింది. అది తింటూ నెవిల్ తన పెద్ద వార్త చెప్పాడు. సాల్ఫర్డ్ స్టూడియోలో 'వంకర పడవ' కొత్త సీజన్ రికార్డింగుకి ప్రేక్షకులుగా రమ్మని పిలుపొచ్చింది. ఆపరేషన్‌కి ముందెప్పుడో పేరిచ్చాడట. ముగ్గురికి టికెట్లు.

డెనీస్ మొహం చూశాను. ఆ మొహం ఆఖరిసారి ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకోబోయి మానేశాను.

"మోటర్‌వే మీద నేను నడపను కదా" అంది, పళ్లెం వైపు చూస్తూ.

"బావ తీసుకెళ్తాడు. శత్రువు కోటలోకి" అన్నాడు నెవిల్.

వస్తానన్నాను. కాలమ్‌కి పనికొస్తుంది. జబ్బు గురించి రాసేవాడు ఒక్కసారైనా వార్డులోకి వెళ్లి చూడాలి.

ఏప్రిల్ 21, శుక్రవారం

వెళ్లొచ్చాం. వరసగా రాస్తాను.

స్టూడియో బయట క్యూ. బస్సుల్లో వచ్చిన గుంపులు, డబ్బాల్లో సాండ్‌విచ్‌లు, ఒకలాంటి టీషర్టులేసుకున్న ఆడవాళ్లు. టీషర్టుల మీద 'దిగండి' అని రాసుంది. నెవిల్‌కి చేతికర్రలున్నాయని ముందు పంపించారు, వాడితో పాటు మమ్మల్నీ. మూడో వరసలో కూర్చున్నాం. నెవిల్ దారిలోకి కాళ్లు చాపుకుని, మధ్యలో డెనీస్, ఇవతల నేను.

కాలవంటే పెద్ద తొట్టి. గోరువెచ్చటి నీళ్లు, పైన పొగ. ఆ పడవకి వెనక సగం లేనే లేదు. దూరం నుంచి కూడా అట్ట కనిపిస్తోంది. ఇదంతా చూశాక అయినా వీళ్ల భ్రమ పోతుందనుకున్నాను. పోలేదు. అట్ట కనిపిస్తున్న కొద్దీ ఇంకా మురిసిపోయారు.

షాట్‌కీ షాట్‌కీ మధ్య జనం చల్లబడకుండా చూడ్డానికి ఒకణ్ణి పెడతారు. మెరుపు చొక్కా, చేతిలో మైకు. ఒకే సీను నాలుగోసారి తీసినా జనం మొదటిసారి విన్నట్టు నవ్వాలి, అది వాడి పూచీ. నవ్వారు కూడా. నాలుగోసారికి ఇంకా ఎక్కువ నవ్వారు. దీన్ని మర్యాద అనాలో మందబుద్ధి అనాలో తేలక నేను చుట్టూ చూస్తూ కూర్చున్నాను. ఆ చూడ్డమే తప్పైంది. మెరుపు చొక్కా నా ముందుకొచ్చి ఆగాడు.

"మూడో వరసలో ఈ పెద్దాయన్ని చూడండి. సార్, ఎవరు పోయారు?"

నవ్వులు. నేను చిన్నగా తలూపాను. అలాంటివాళ్లకి అదే సరైన జవాబు.

"మేడమ్, ఈయన మీ మనిషేనా?" మైకు డెనీస్ దగ్గరికి వెళ్లింది.

"పెళ్లయిన దగ్గర్నుంచీ" అంది.

నవ్వులు.

"ఇంట్లో కూడా ఇలాగే నవ్వకుండా ఉంటారా?"

"నవ్వకపోతే పోనీ" అంది డెనీస్. "నేను నవ్వితే, ఎందుకు నవ్వకూడదో చెబుతాడు."

హాలు పేలింది. ఆ రోజు రాన్‌కి కూడా అంత నవ్వు పడలేదు. టీషర్టుల ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కెమెరా వెనక మనిషి భుజాలు ఊగడం చూశాను. వెనకనుంచి ఎవరో "మా ఇంట్లో కూడా ఒకడున్నాడమ్మా" అన్నారు, దానికి మళ్లీ నవ్వు.

నెవిల్ ఒక్కడే నవ్వలేదు. బూట్ల వైపు చూసుకుంటున్నాడు. అర్థమై ఉండదు.

తిరిగొచ్చేటప్పటికి కొండల మీద ఇంకా వెలుతురుంది. నెవిల్ వెనక సీట్లో నిద్రపోయాడో, పోయినట్టు పడుకున్నాడో. నేను మాట్లాడకూడదనే అనుకున్నాను, మోటర్‌వే ఎక్కే దాకా.

"నవ్వించడానికి అన్నావు, అంతేగా."

"నిజం చెప్పాను. వాళ్లు నవ్వారు."

"ముక్కూ మొహం తెలీని వాళ్లందరి ముందు."

"నువ్వు పత్రికలో రాశావు కదా, ముక్కూ మొహం తెలిసినవాళ్లందరికీ."

లారీలు దాటే దాకా ఆగాను. తర్వాత, సామరస్యంగా ఉంటుందని, ఇంటికెళ్లాక 'నాలుగో కౌంటర్' చూద్దామా, క్రిస్మస్ భాగం, అది నీకిష్టం కదా అన్నాను.

డెనీస్ కిటికీ వైపు తిరిగింది. "నాకు అదెప్పుడూ నవ్వు తెప్పించలేదు" అంది.

"క్రిస్మస్ భాగమా?"

"ఏ భాగమూ. ఒక్కసారి కూడా."

"నవ్వడం ముఖ్యం కాదని నీకు..."

"ఇష్టంగా కూడా లేదు. కుర్చీలోంచి ఎప్పుడు లేవనిస్తావా అని చూస్తుండేదాన్ని."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చూశావు?"

"నువ్వు చూస్తున్నావని. మొదట్లో నీ మొహం చూసేదాన్ని, టీవీ కాదు. నీకెంతో సంతోషంగా ఉండేది. అది చూస్తుంటే బాగుండేది. తర్వాత నువ్వు ఆపి చెప్పడం మొదలుపెట్టావు. ఆపినప్పుడు నువ్వు నా మొహం చూస్తావు, నాకు తెలిసిందా లేదా అని. అప్పట్నుంచి నాకు తెలిసినట్టు మొహం పెట్టడమే పనైపోయింది."

ఇండికేటర్ వెయ్యకుండా పక్క లైనులోకి వెళ్లానని వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఈ రోజుల్లో ఎవరికీ ఓపిక లేదు.

ఏప్రిల్ 22, శనివారం

నాకేం పట్టలేదు.

ఏప్రిల్ 29, శనివారం

నెవిల్‌ని ఫిజియో మెట్లెక్కించి చూసిందట, పాసయ్యాడు. ఇంటికెళ్లిపోయాడు. కుర్చీ నాకు తిరిగొచ్చింది. కూర్చుంటే పక్కకి ఒరిగినట్టుంది, వాడి బరువుకి.

వెళ్లేముందు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "బావా, ఆ రోజు స్టూడియోలో అలా జరగకుండా ఉండాల్సింది. టికెట్లు నేనే తెచ్చాను" అన్నాడు. దానికీ దీనికీ ఏం సంబంధమో. పర్లేదన్నాను.

వాడికి సామాన్లు సర్దిపెట్టి రావడానికి డెనీస్ కూడా వెళ్లింది. ఒక వారం.

మే 8, సోమవారం

సెలవు. ఊరంతా వాన. డెనీస్ ఇంకా అక్కడే ఉంది, నెవిల్‌కి స్నానానికి సాయం కావాలట. పాసయ్యాడన్నారు కదా.

అల్మారాలో దాని చలికోటు లేదు. మే నెలలో చలికోటు ఎందుకు తీసుకెళ్లిందో.

మే 20, శనివారం

బ్రయనీ ఫోన్ చేసింది. "నాన్నా, అమ్మ రావట్లేదు, నీకర్థమైందా?" అంది. నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి, నేనేదో వెనకబడ్డ పిల్లాణ్ణన్నట్టు. నాకలా చెప్పక్కర్లేదన్నాను.

"సరే, నువ్వే చెప్పు. అమ్మ ఎందుకు వెళ్లింది?"

ఒక టీవీ ప్రోగ్రాం కోసం ఎవరూ ఇల్లు వదిలివెళ్లరని చెప్పాను.

"కరెక్టే" అంది. ఒప్పుకుంది కాబట్టి ఇంకేం మాట్లాడలేదు.

జూన్ 11, ఆదివారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. 'నాలుగో కౌంటర్' మొదటినుంచీ చూస్తున్నాను. ఇవాళ స్టేప్లర్ భాగం. ఆపాల్సిన చోట ఆపాను.

కాసేపటికి మళ్లీ నడిపించాను.

జూన్ 12, సోమవారం

టోస్టు, బీన్స్.

జులై 2, ఆదివారం

కాలమ్ ఆపేశాను. ఊళ్లో చదివేవాళ్ల స్థాయి పడిపోయింది. లైబ్రరీలో ఒకావిడ, "మీరేనా, మీ ఆవిడ నవ్వితే వద్దంటారటగా" అంది. ఎవరికో ఎవరో చెప్పి ఉంటారు. స్టూడియోకి ఈ లోయలోంచే ఒక బస్సు నిండా జనం వచ్చారు.

సెప్టెంబర్ 15, శుక్రవారం

కొత్త సీజన్ మొదలైంది. ఇవాళ వచ్చింది మేం చూసిన భాగమే. రికార్డింగుకీ ప్రసారానికీ తేడా ఏమిటో పోల్చి చూద్దామని పెట్టాను. వేరే కారణం లేదు.

ఊహించినట్టే ఉంది. తొట్టి కాలవలాగే కనిపించింది, దానికి మాత్రం వాళ్లని మెచ్చుకోవాలి. మెరుపు చొక్కావాడు లేడు, వాడి మాటలు ప్రసారం చెయ్యరు కదా. మూడో వరస కూడా కనిపించలేదు. జనాన్ని చూపించరు, వినిపిస్తారు.

ఒక బాతు వచ్చి పెళ్లిపెద్దావిడ టోపీ ఎత్తుకుపోయే సీను. రాన్ ఇంకా తిరిగి చూడలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు ఒక్క మనిషి నవ్వింది. అందరికన్నా ముందు. గుర్రుమని మొదలై, పైకి పోయి, ఊపిరందక ఆగింది. ఆ తర్వాతే హాలంతా అందుకుంది.

ఆ రోజు నేను డెనీస్ పక్కనే ఉన్నాను. మోచెయ్యి తగిలేంత దగ్గర. వినలేదు. చుట్టూ జనాన్ని చూస్తున్నాను.

వెనక్కి తిప్పాను. మళ్లీ విన్నాను. మళ్లీ తిప్పాను. బాతు సీను పరమ నాసిరకం. బాతు బొమ్మని దారంతో లాగారు. మళ్లీ తిప్పాను.

సెప్టెంబర్ 17, ఆదివారం

నెవిల్ ఊరికి, సోయర్బీ బ్రిడ్జ్‌కి వెళ్లాను. నెవిల్ ఉండే మూడో అంతస్తు దాకా ఎక్కేటప్పటికి నాకే తుంటి మార్చాలనిపించింది. డెనీస్ తలుపు తీసింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బాగుంది, చెప్పలేదు.

"ఏం కావాలి, గాడ్‌ఫ్రీ?"

"మొన్న శుక్రవారం చూశాను. పడవ."

"కాలమ్ ఆపేశావని బ్రయనీ చెప్పింది."

"కాలమ్ కోసం కాదు." ఏం చెప్పాలో మెట్ల మీద అనుకుంటూ వచ్చాను, అంతా ఆయాసంలో పోయింది. "నీ నవ్వు వినిపించింది."

తలుపు మీద చెయ్యి అలాగే ఉంచింది. "ఎక్కడ?"

"బాతు టోపీ తీసుకెళ్లిన చోట. రాన్ చూడకముందే. అందరికన్నా నువ్వే ముందు."

"అవునా" అంది. తర్వాత, "ఎందుకు నవ్వకూడదో చెప్పడానికొచ్చావా?"

"కాదు. ఎందుకు నవ్వావో అడగడానికి."

డెనీస్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడిచి. "తెలీదు. నవ్వొచ్చింది."

"అంతేనా?"

"అంతే."

దీని మీద నాకు అనడానికి చాలా ఉంది. నవ్వుకి కారణం ఉండదనేది తప్పు, ఆ సీను ఎక్కణ్ణుంచి పుట్టిందో కూడా నేను చెప్పగలను. నోరు తెరిచాను కూడా. డెనీస్ నా మొహమే చూస్తోంది. మూసేశాను.

లోపలినుంచి నెవిల్, "బావేనా? గుమ్మంలో నిలబెట్టకు డెనీ, చలంతా లోపలికొస్తోంది. కూర్చోమను, ఇప్పుడే పెడుతున్నాను" అన్నాడు.

పాత సీజన్ నుంచి ఒక భాగం. సోఫా ఇద్దరికే సరిపోతుంది, నేను వంటింటి స్టూల్ తెచ్చుకుని తలుపు పక్కన కూర్చున్నాను. రిమోట్ నెవిల్ చేతిలో ఉంది. వాడు ఒక్కసారి కూడా ఆపలేదు. అక్కణ్ణుంచి నాకు టీవీ సగమే కనిపిస్తుంది, వాళ్లిద్దరూ పూర్తిగా కనిపిస్తారు. డెనీస్ నవ్వేముందు కుడికాలి మడమ కాస్త పైకి లేస్తుంది. ఇన్నేళ్లలో ఇది నాకు తెలీదు.

ఎక్కడో ఒకచోట ఉండాలి కనక ఇక్కడ రాసుకుంటున్నాను: చెత్త. పడవ తాడు ఊడిపోవడం మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. మతాధికారి పాత్ర అనవసరం. నీళ్లలో మునిగిన రాన్ టోపీ తర్వాతి షాట్‌లో పొడిగా ఉంది. రాసినవాణ్ణి నా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేవాణ్ణి.

అయిపోయాక, "ఎలా ఉంది?" అంది డెనీస్. నెవిల్ టీవీ వైపే చూస్తూ చెవులు రిక్కించాడు.

"ఇంకోటి ఉందా?" అన్నాను.

ఇంకోటి పెట్టారు. అది అంతకన్నా ఘోరం.

ఇంటికి రమ్మని అడగలేదు. వస్తానని అది అనలేదు. నేను వెళ్లేటప్పుడు మెట్ల పైన నిలబడి, కొత్త భాగాలు శుక్రవారాలే వస్తాయని, ఏడింటికల్లా వస్తే స్టూల్ తీసి ఉంచుతానని చెప్పింది. మాట్లాడకుండా కూర్చుంటేనే అని కూడా చెప్పింది.

రాబోయే భాగంలో రాన్ మేకని కొంటాడని పత్రికలో చదివాను. మేక. ఎంత దిగజారాలో ఒక హద్దు ఉంటుందనుకున్నాను. శుక్రవారం వేరే పనేం పెట్టుకోలేదు.